కన్ను దిక్కు కాదు

ఇరవై రెండేండ్లు రాయి పగలగొట్టిన చేతులివి.
దేవరకొండ అవతల నల్లరాయి క్వారీల
బండకు ఒక వాలుంటది,
దాన్ని చెవితోని దేవులాడాలె.
సుత్తెతోని తట్టుకుంట పోతే
ఒక కాడ గంట మోగుతది, ఒక కాడ కుండ మోగుతది.
కుండ మోగిన కాడ ఉలి వెడితే
కోర గుడ్డ చింపినట్టు సాఫుగ ఇడిపోతది.

క్వారీ మూతబడ్డది.
గుంతల నిండ పచ్చ నీళ్లు, పక్కన రాతిపొడి గుట్ట,
గరిక సుత పట్టని తెల్లటి వాలు.
ఆడ చెట్లు పెంచుతమని అడవి ఆఫీసోళ్లు
నర్సరీ వెట్టి, కూలికి నన్నే పిలిచిండ్రు.

మొదటి దినం చావ్లి నా అరచేతిల
గుప్పెడు తంగేడు గింజలు పోసి
"పగలగొట్టు మామా" అన్నది.
నవ్వొచ్చింది.
గోరుకత్తెర వట్టి కూసున్న.
మొదటిది పిండైంది. రెండోది రెండు బద్దలైంది.
మూడోదాని లోపల పసిమి చుక్క ఒకటి
నా గోటి కింద సితికిపోయింది.

"కన్ను దిక్కు కాదు" అన్నది ఆమె,
"కాయకు అతుక్కున్న మచ్చ ఉంటది సూడు, అది కన్ను.
ఆడ ముట్టకు. వీపు మీద గీయి.
నీళ్లు దూరేటంత సందిస్తే సాలు,
మిగిలిన తలుపు లోపలోళ్లే తీస్కుంటరు."

గరుకు కాగితం మీద వీపులు రుద్దుకుంట
రోహిణి కార్తె మొత్తం గడిపిన.
రాత్రి గోరువెచ్చని నీళ్లల్ల నానవెడితే
తెల్లారేసరికి
ఉబ్బినయి కొన్ని, ఉలకనియి కొన్ని.

తుమ్మ గింజల కాడికి నన్ను రానియ్యలేదు.
తండాకు పోయి మేకల దొడ్డి ఊడ్సుకొచ్చింది:
రాత్రంత నెమరేసి మేకలు ఉమ్మేసిన గింజలు,
పెంటికలల్ల నుంచి ఏరినయి.
"ఇవి నీకంటె మంచి పనోళ్లు" అని
నన్ను సూడకుంటనే అన్నది.

జిల్లేడు మాత్రం
సారు రాసిచ్చిన పట్టీల లేదు.
ఆమె కొంగు ముడి ఇప్పితే
పగిలిన కాయలు, పట్టు కుచ్చులు,
ఒక్కో కుచ్చు కింద ఒక్కో గోధుమరంగు పెంకు.
"పిచ్చిచెట్టుకు సుత సంచి దండుగనా?" అన్న.
"మనకు పిచ్చిది. పురుగుకు తల్లిపాలు.
దీన్ని పగలగొట్టేది లేదు, పాతరేసేది లేదు.
పైపైన సల్లి, ఎలుగు తగలనియ్యి."
ఎనిమిదో దినం మొలిసినయి,
ఎవ్వల పర్మిషన్ లేకుండ.

ఆకులు చేతెడు కాంగనే
పసుపు నలుపు తెలుపు పట్టెల పురుగులు
ఈనెలు మిగిల్చి మేసినయి.
సారొచ్చి మందు కొట్టుమన్నడు.
పంపు మూత ఏడ పోయిందో ఇప్పటికీ దొరకలే.
చావ్లి మాత్రం చానా వెతికింది పాపం.

మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది.
నలభై సంచులు మట్టే ఉన్నయి ఇంక.
బోర్లేసి ఖాళీ చేద్దమని ఒక సంచి ఎత్తిన,
ఎత్తిన చెయ్యి ఆడనే ఆగింది.

క్వారీల మేము చప్పుళ్లు లెక్కపెట్టేది.
ఎనిమిది బెజ్జాలల్ల మందు కూరితే
ఎనిమిది ఇనవడాలె.
ఆ దినం ఏడే ఇనవడ్డయి.
ఎనిమిదోది సల్లారిందని
గాలయ్య లేసి పోయిండు,
నా బీడీ సగం సుత కాలలే.

ఇప్పని బెజ్జం సచ్చినట్టు కాదు,
గంతే, గా మాట ఒక్కటే నాకు తెలుసు.
గది సావుకు నేర్సుకున్న మాట.
మొలకకు పనికొస్తదో రాదో.

నలభై సంచులు కానుగ నీడకు మోసిన.
వచ్చే వాన దాక సూద్దమంటే
చావ్లి ఏం అనలే, జగ్గు చేతికిచ్చింది.
పాత అలవాటు పోలే,
నాలుగడుగుల దూరం నిలబడి,
మొకం పక్కకు తిప్పుకోని,
నీళ్లు సల్లిన.